టౌన్ హాల్ పెళ్ళి

మా అమ్మకీ నాయినకీ అసలు పెళ్ళయిందా లేదా అన్న అనుమానం నాకు నలభై దగ్గర పడుతుండగా వచ్చింది. చిన్నప్పుడే వచ్చి ఉంటే ఓ పూట ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ వయసులో వచ్చేసరికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అదైనా ఎవరో చాడీలు చెబితే వచ్చింది కాదు. సికింద్రాబాద్ టౌన్ హాల్ కొలతలు తీసుకుని కాగితం మీద గీస్తుంటే వచ్చింది.

పాత కట్టడాలు బాగుచేసే యుగంధర్ గారి ఆఫీసులో నేను డ్రాయింగులు గీస్తాను. మా ఆఫీసులో ఒక పద్ధతుంది. మొదట కట్టినప్పటి గోడలకు నల్ల గీత. తర్వాత ఎవరో అతికించినవాటికి ఎర్ర గీత. ఎర్ర గీత పడిందంటే దానికి నూకలు చెల్లినట్టే. మేస్త్రీ వచ్చి తీసేస్తాడు, కట్టడం పుట్టినప్పటి రూపానికి వస్తుంది. వినడానికి బాగుంటుంది. పుట్టినప్పటి రూపం ఏదో తేల్చడంలోనే ఉంది తంటా అంతా.

మోండా మార్కెట్‌కి వెనక, రైలు కూత వినిపించే దూరంలో ఉంటుంది మా టౌన్ హాల్. ముందు రాతి స్తంభాల వరండా, పక్కగోడలకు నిలువెత్తు కిటికీలు, వెనక గోడలో కమానులు. టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి డంగు సున్నంతో కప్పిన పైకప్పు. ఎవరు కట్టించారంటే మాత్రం మార్కెట్లో ఎంతమంది ఉన్నారో అన్ని కథలున్నాయి. పత్తి సేటు కట్టించాడని ఒకరు, దొరల క్లబ్బని ఒకరు, ముందు మందుగుండు దాచిన గోదామని ఇంకొకరు. గుమ్మం పక్కన శిలాఫలకం ఉంది కానీ, ఏ మంత్రి వచ్చినా దాంతో సహా సున్నం కొట్టేశారు. అక్షరాలు పాయసంలో సగ్గుబియ్యంలా అక్కడక్కడా తేలుతున్నాయి, మాట మాత్రం అందడం లేదు.

మా నాయిన బిక్షం ఆ హాల్లో లైట్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మా అమ్మ మరిడమ్మ అనకాపల్లి అవతల నుంచి వచ్చిన మనిషి. ఇన్నేళ్ళు తిరుమలగిరిలో కాపురం చేసినా ఆమె మాట పిసరంత మారలేదు. “టౌన్ హాల్ల లగ్గమైంది మాది” అని నాయిన ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పుకునేవాడు. సన్నాయి మేళం, బంతి భోజనాలు, స్టేజీ మీద కుర్చీలు అన్నీ నేనే ఊహించుకుని పెరిగాను. ఫోటోలేవని అడిగితే “ఫోటో ఆయన రాలే” అనేవాడు నాయిన. “వానకి తడిసిపోనాయి” అనేది అమ్మ. ఈ రెండు జవాబులూ ఒకదానికొకటి పొసగవని నాకెన్నడూ తట్టలేదు. మన తల్లిదండ్రుల మాటల్ని మనం అంత కొలత పెట్టి చూడం కదా.

ఆ ఏడు వానలు మృగశిరకే మొదలయ్యాయి. పైకప్పు కారుతోందని, హాలు నడిపే ట్రస్టువాళ్ళు కంగారుపడి మా యుగంధర్ గారిని పిలిచారు. వానాకాలం దాటేలోగా అక్కర్లేనివన్నీ తీసి గోడలు ఆరబెట్టాలన్నది ఒప్పందం. కొలతలన్నీ అయ్యాక ఒక సాయంత్రం అన్నాల దగ్గర మాటల్లో మాటగా చెప్పాను.

“స్టేజీ తీసేస్తారు నాయినా. అది తర్వాత కట్టింది. వెనక కమాను సగం పూడ్చేసింది.”

నాయిన కలుపుకున్న ముద్ద కంచంలోనే పెట్టేశాడు. “స్టేజీ తీస్తరా? ఎవలు చెప్పిన్రు?”

“ఎవరో చెప్పడమేంటి, ఎర్ర గీత గీసింది నేనే.”

“నువ్వా!” అని నా వంక చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తు. ఇంట్లో దీపం నేనే ఊదేసినట్టు చూశాడు. “బిడ్డా, గా స్టేజీ పోతే మా లగ్గానికి సాక్ష్యం ఏముంటదే? ఫోటో లేకపాయె, చుట్టం లేకపాయె. ఉన్నది గా స్టేజీ ఒక్కటే.”

నేను అమ్మ వైపు చూశాను. ఆమె చారు గిన్నె నా ముందుకు తోసి, “తియ్యనీ. ఎప్పటిదో గోలిప్పుడెందుకు?” అంది. చేత్తో మాత్రం మెడలో పసుపుతాడు సర్దుకుంది. అమ్మకు బంగారు గొలుసు చేయిస్తానని నేను అడగని పండగ లేదు. ఆమె ఒప్పుకోదు. తాడు నలిగితే తనే వంటింట్లో తలుపు దగ్గరేసుకుని కొత్తది కట్టుకుంటుంది. నాయినను కట్టనివ్వదు.

సాక్ష్యం కావాలంటున్న మనిషి ఒకరు, సాక్ష్యం పోనీ అంటున్న మనిషి ఒకరు. నాకు చారు రుచి తెలియలేదు.

మర్నాడు నేను సైటుకు బయల్దేరుతుంటే నాయిన చొక్కా తొడుక్కుని సిద్ధంగా నిలబడ్డాడు. వద్దన్నా వినలేదు. హాల్లోకి అడుగుపెట్టగానే ఆయన నడక మారిపోయింది. తిన్నగా స్టేజీకి ఎడమ వైపు మూలకు వెళ్ళి గోడ తడిమాడు.

“ఇగో, ఇక్కడుండె నా స్విచ్చుబోర్డు. ఇక్కడ నిలబడితే స్టేజీ మొత్తం కనవడ్తది, నేను ఎవ్వలకు కనవడ.”

“పెళ్ళప్పుడు కూడా లైట్లు నువ్వే వేసుకున్నావా?” అన్నాను నవ్వులాటకి.

“మరి ఎవలేస్తరు? ఏసి, ఉరికి పోయి స్టేజీ ఎక్కిన.”

“పెళ్ళికొడుకువి నువ్వు లైట్లు వెయ్యడమేంటి నాయినా?”

ఆయన స్టేజీ అంచున షాబాదు బండ మీద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు. నేను కూర్చున్నాకే చెప్పాడు.

అది పెళ్ళి కాదు. నాటకం. అనకాపల్లి వైపు నుంచి వచ్చిన పద్యనాటక సమాజం వారం రోజులు ఆడింది. మా అమ్మ అందులో రాజకుమారి. సమాజం యజమాని వరహాలబాబే రాజకుమారుడు. ఆఖరి సీను పెళ్ళి. చివరి రోజున వరహాలబాబు తన పద్యాలన్నీ పాడేసి, తర్వాతి ఊళ్ళో నాటకం ఖాయం చేసుకోవడానికి రైలు అందుకోవాలని స్టేషనుకు పరుగెత్తాడు. పెళ్ళి సీనులో పెళ్ళికొడుక్కి మాట లేదు, పద్యం లేదు. కిరీటం, మొహం మీద పూల జాలరు, చేతిలో తాళి. ఒంటి పొడుగు సరిపోతే చాలు. లైట్ల దగ్గరున్న బిక్షాన్ని పట్టుకుని కిరీటం పెట్టేశారు.

“తాళి కట్టుమన్నరు, కట్టిన. మూడు ముళ్ళేసిన. మా దిక్కు లగ్గంల చూసిందే నాకెరుక. నాటకంల ముడి వెయ్యొద్దంట, ఊకె మెడ ఎనక పట్టుకుని ఏసినట్టు చెయ్యాల్నంట. నాకెవలు చెప్పిన్రు? పొరపాటైంది.”

“తర్వాత?”

“తెర దించినంక ఇంకో ఆమె ఇప్పనీకె వచ్చింది. మీ అమ్మ తాడు రెండు చేతుల్ల గట్టిగ పట్టుకుంది. ‘ముడి పడిపోనాది’ అన్నది. అంతే. వాళ్ళందరు రైలెక్కిన్రు, ఈమె ఎక్కలే. మా అమ్మ అనసూయమ్మకు ఏం చెప్పాల్నో తెల్వక గడపల నిలవెట్టిన. ఆమె మెడల తాడు చూసింది, ‘కాళ్ళు కడుక్కొని లోపలికి రా’ అన్నది.”

ఇంతకాలం నేను ఊహించుకున్న సన్నాయి మేళం అంతా ఎవరో స్విచ్చు నొక్కినట్టు ఆగిపోయింది. నా పుట్టుక ఒక కిరీటం పొరపాటు మీద నిలబడిందా? నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. పొరపాటున కట్టిన తాడుకు కట్టుబడి ఇన్నేళ్ళు గడిపేసిందా మా అమ్మ? పల్లెలో పుట్టిన ఆడపిల్ల, ముడి పడిందంటే ఇంక తప్పదనుకుని ఉండిపోయిందా? అందుకేనా స్టేజీ పోనీ అంటోంది?

యుగంధర్ గారికి ఇవేం చెప్పను? ఆయన చిన్నవాడు, చదువుకున్నవాడు, మంచివాడు. మంచివాళ్ళతోనే చిక్కు, వాదించడానికి పట్టు దొరకదు. “స్టేజీ కూడా చరిత్రే కదా సార్, ఉంచితే?” అన్నాను.

“మేడమ్, ఉంచడానికి ఒక్క రీజన్ చెప్పండి, ఉంచేద్దాం. ఆ స్టేజీ తేమ పట్టి వెనక గోడను తినేస్తోంది. పైగా ఒరిజినల్ కాదు.” అని, “రేపు క్యారల్ ఆంటీ వస్తున్నారు, చిన్నప్పటి నుంచీ ఈ హాలు చూసినావిడ, ఆమెనడుగుదాం” అన్నాడు.

క్యారల్ ఆంటీ బొల్లారం నుంచి ఆటోలో వచ్చింది. ఎనభై దాటిన మనిషి, పూల గౌను, చేతిలో గొడుగు. వాళ్ళ నాన్న రైల్వేలో ఉండేవాడట. లోపలికి వచ్చి స్టేజీని చూసి మొహం చిట్లించింది.

“ఇది లేదు బేటా. ఇక్కడంతా వుడ్ ఫ్లోర్ ఉండేది, టేకు. అడుగేస్తే జెర కిందికి పోయి మళ్ళ పైకొచ్చేది. డ్యాన్స్ కోసమే చేసిన ఫ్లోర్. బ్యాండ్ వాళ్ళు పైన బాల్కనీల కూర్చునేటోళ్ళు. మై మమ్మీ, డాడీ ఇక్కడే కలిసిన్రు. తర్వాత నాటకాలు షురూ అయినయ్, ఫ్లోర్ పీకేసి ఈ బండలు పోసిన్రు. మమ్మీ చానా ఏడ్చింది ఆ రోజు.”

ఆమె గొడుగుతో చూపించిన చోట యుగంధర్ గారు సున్నం గీకించారు. స్టేజీ అంచు పైన కమాను వంపు, అంచు కింద అదే కమాను నిలువుకాళ్ళు. స్టేజీ వాటి మధ్యలోంచి అడ్డంగా కోసుకుపోయింది. ఎర్ర గీత సరైనదే. నా గీత తప్పని నేను ఎక్కడ మొదలుపెట్టి చెప్పను?

“ఇప్పుడిది తీస్తే ఎవరు ఏడుస్తారు?” అని క్యారల్ ఆంటీ నవ్వుతూ అడిగింది.

“మా నాయిన” అన్నాను. ఆమె నవ్వడం మానేసి నా చెయ్యి పట్టుకుంది. ఎందుకని అడగలేదు. వాళ్ళమ్మ డ్యాన్స్ చేసిన చోటు పోతే మా నాయిన పెళ్ళి చేసుకున్న చోటు వచ్చింది. ఇప్పుడది పోతే మళ్ళీ ఆ మొదటిది వస్తుంది. ఎవరి హాలు అసలుదో నాకు అర్థం కాలేదు.

ఆ రాత్రి వంట దగ్గర అమ్మను నిలదీశాను. బెండకాయలు తరుగుతోంది. “నాయిన అంతా చెప్పాడమ్మా. నాటకంలో పొరపాటున ముడి వేశాడటగా. నువ్వు ఇష్టం లేకుండానే ఉండిపోయావా?”

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. “పొరపాటని సెప్పినాడా?”

“అవును. ముడి వెయ్యకూడదని తనకు తెలీదన్నాడు.”

“పాపం” అంది అమ్మ. మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. తరుగుతూనే అంది. “నాటకంలో తాడు ఎలాగుంటాదో నీకు తెల్దు. తెల్లదారం ఉంటాది. పసుపు రాయరు. పసుపు రాస్తే నిజం తాడైపోద్దని మా సమాజంలో కట్టుబాటు. రాజకుమారి ఏసం ఎవులు కడితే ఆళ్ళే దారం సిద్ధం సేసుకోవాల.”

“అయితే?”

“ఆ వేళ నానే పసుపు రాసినాను. కొమ్ము కూడా కట్టినాను.”

ఎంతసేపూ నాయిన పొరపాటు అనుకుంటున్నదాన్ని, ఇక్కడ అసలు పొరపాటే లేదు. “ఎందుకమ్మా? ఎవరి కోసం రాశావు?”

తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది.

“ఆ వరహాలబాబు కోసమా?” అన్నాను.

“ఆడు రైలుకెల్లిపోతాడని నాకు పొద్దుగాలే తెలుసు” అంది. అంతటితో ఊరుకుంటే నేను ఆ రాత్రి హాయిగా పడుకునేదాన్ని. పొయ్యి మీద మూకుడు పెట్టి, నూనె పోసి, నా వైపు తిరగకుండా, “తెల్దేమో కూడాను. ఎప్పటి మాట, ఎవులికి గ్యాపకం?” అంది.

తెలుసా తెలియదా అన్నదాన్ని బట్టి కథ మొత్తం తిరగబడుతుంది. తెలిస్తే ఆ పసుపు మా నాయిన కోసం. తెలియకపోతే ఇంకొకడి కోసం రాసిన పసుపు తాడు మా నాయిన చేతిలో పడింది. అమ్మ మొహంలో చూస్తే తెలుస్తుందేమోనని చూశాను. పోపు చిటపటలాడుతుంటే వెనక్కి జరిగిన మొహం తప్ప ఏమీ కనబడలేదు.

మహంకాళి బోనాల ఆదివారం నాడు, ఘటాల డప్పుల మోతలో నాయిన పక్కన నిలబడి, ఏమీ ఎరగనట్టు అడిగాను. “వరహాలబాబు రైలుకు వెళ్ళాలని పొద్దున్నే అనుకున్నాడా నాయినా?”

“లే లే. నడుమ తెర దించినప్పుడు టెలిగ్రాం వచ్చింది. అప్పటిదాంక ఎవ్వలకు తెల్వది. నాకే కిరీటం పెడ్తరని నేననుకున్ననా? ఎందుకడుగుతున్నవ్?”

“ఊరికే.”

ఊరికే అని నేనన్నాను కానీ నా కాళ్ళ కింద నేల, ఆంటీ చెప్పిన టేకు ఫ్లోర్ లాగే, ఒకసారి కిందికి పోయి పైకొచ్చింది. పొద్దున్నే తెలుసన్నది అమ్మ. ఎవరికీ తెలియదన్నది నాయిన. ఇద్దరిలో ఒకరికి మరుపు రావచ్చు, ఒకరు బొంకి ఉండొచ్చు. నాయినకు పసుపు సంగతి చెబుదామా అంటే, ఆ మాట చెబితే ఆయన ఏమైపోతాడో అని భయం. నాయిన దిగులంతా స్టేజీ గురించే. రోజూ సాయంత్రం నేను రాగానే, “ఏమన్నరు బిడ్డా మీ సారు?” అని అడిగేవాడు. అన్నం సగం వదిలేసేవాడు. ఆయన్ని చూస్తే అమ్మకు కోపమొచ్చేది. “బండలకి ఇంత ఏడుపేటి? ఇంట్లో మనిషిని నానున్నాను కాదేటి?” అని గిన్నెలు ఎత్తేసేది.

చివరికి సిగ్గు విడిచి యుగంధర్ గారికి చెప్పేశాను. నాటకం, కిరీటం, మూడు ముళ్ళు. పసుపు సంగతి మాత్రం కడుపులో పెట్టుకున్నాను. ఆయన నవ్వలేదు. నా డ్రాయింగు ముందుకు లాక్కుని చూశాడు.

“మేడమ్, గోడ నిలబడాలంటే స్టేజీ పోవాలి. దీంట్లో నా చేతిలో ఏం లేదు. కానీ మీ అమ్మానాన్నలను ఒకసారి రమ్మనండి. తుకారాం మేస్త్రీని వాళ్ళు దిగేదాకా ఆగమంటాను.”

ఇంటికొచ్చి చెప్పాను. నాయిన తల వంచుకుని, “సరే, ఆఖరిసారి చూసొస్త” అన్నాడు. అమ్మ రాదనుకున్నాను. “శ్రావణ శుక్రవారం ఎల్దాం” అంది.

ఆ శుక్రవారం వాన తెరిపిచ్చింది. హాలు కిటికీలన్నీ తెరిచి పెట్టారు. తుకారాం, అతని మనుషులు గడ్డపారలు గోడకు చేరేసి బీడీలు ముట్టించుకుని వరండాలో కూర్చున్నారు. నాయిన లోపలికి రాగానే అలవాటు తప్పకుండా తన మూలకు వెళ్ళి నిలబడ్డాడు. స్విచ్చుబోర్డు ఎప్పుడో తీసేశారు, మేకుల రంధ్రాలున్నాయంతే. అమ్మ నా భుజం పట్టుకుని పక్క మెట్లెక్కి స్టేజీ నడిమికి వెళ్ళింది. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ తప్ప తీయని పట్టుచీర కట్టుకుంది. ఒక్క క్షణం రాజకుమారి ఎలా నిలబడేదో నాకు కనబడింది. వెన్ను అలా నిటారుగా పెట్టి నిలబడడం నేను ఇంట్లో ఎన్నడూ చూడలేదు.

“ఓ లైట్లాయనా! అక్కడేటి సేస్తన్నావు? ఇలా రా” అని పిలిచింది.

నాయిన స్టేజీ ఎక్కాడు. అమ్మ కొంగు ముడి విప్పి తమలపాకు తీసింది. అందులో కొత్త దారం, పచ్చగా, తడిగా. పసుపు కొమ్ము కట్టి ఉంది.

“తాడు నలిగిపోనాది. పాతది తీసేలోగా కొత్తది మెళ్ళో పడాల. కట్టు.”

“నేనా?” అన్నాడు నాయిన. ఇన్నేళ్ళలో ఆయనకు ఆ అవకాశం ఇచ్చింది లేదు.

“మరెవులు?”

నాయిన దారం అందుకున్నాడు. అమ్మ తల వంచింది. నేను జడ పక్కకు జరిపి పట్టుకున్నాను, పెళ్ళిలో ఆడపడుచు పట్టుకున్నట్టు. ఒక ముడి వేశాడు. రెండో ముడి వేశాడు. ఆగిపోయాడు.

“ఏటి?” అంది అమ్మ తల వంచుకునే.

“మూడోది ఎయ్యాల్నా?” అని అడిగాడు నాయిన. “అప్పుడు నిన్ను అడగకుంటనే ఏసిన.”

అమ్మ తల సగం పైకెత్తింది. “అడగడమేటి? అప్పుడు నీకు తెల్దు కదా.”

“తెలుసు” అన్నాడు నాయిన. “వారం దినాలు మీ నాటకం గా మూలకెల్లి చూసిన. ఆయన ముడి వెయ్యకుంట పట్టుకునుడు రోజు చూస్తనే ఉన్న. తెల్లదారం సుత చూసిన. ఆ దినం నా చేతికి పసుపంటింది. ఎవలకోసం పూసినవో నాకు తెల్వది. తెల్వకనే ఏసిన.”

నా చేతిలో అమ్మ జడ అలాగే ఉండిపోయింది. వంటింట్లో విని ఇన్నాళ్ళూ నేను దాచిన మాట, నాకు తెలియకముందే, నేను పుట్టకముందే ఆయన దగ్గరుంది.

“మరి ఇన్నేళ్ళూ నాతో పొరపాటు, పొరపాటన్నావేటి?” అంది అమ్మ. కోపంగానే అంది. కళ్ళు మాత్రం నిండిపోయాయి.

“పొరపాటంటే, నువ్వు పోవాల్ననుకుంటే పోవచ్చు గదా అని.”

వరండాలో ఎవరో దగ్గారు. బయట ఆటోల హారన్లు. అమ్మ ఏదో చెబుతుందని నేను చూశాను. వరహాలబాబు కోసమనో, నీ కోసమేననో, ఏదో ఒకటి చెప్పేస్తే నాకు ఈ చిక్కు విడిపోతుందనుకున్నాను. ఆమె మళ్ళీ తల వంచింది.

“ఎయ్యి. మెడ నొప్పెడతంది” అంది.

నాయిన మూడో ముడి వేశాడు. గట్టిగా లాగి చూశాడు. అప్పుడు అమ్మ పాత తాడు తీసి, అందులోని పుస్తెలు కొత్తదానికి ఎక్కించుకుంది. మేము ముగ్గురం మెట్లు దిగాం. నాయిన ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, అంతే. ఉంచమని ఎవరినీ అడగలేదు. తుకారాం బీడీ పారేసి లేచి, “కానియ్యమంటరా అమ్మా?” అని నన్నడిగాడు. కానివ్వమన్నాను. గడ్డపార మొదటి దెబ్బ మేము వరండా దాటకముందే వినబడింది.

ఇప్పుడా హాల్లో స్టేజీ లేదు. కమాను పూర్తిగా తెరుచుకుంది, పొద్దుటి ఎండ నేల మీద పడుతుంది. క్యారల్ ఆంటీ వచ్చి చూసి మురిసిపోయింది. శిలాఫలకం మీద సున్నం ఇంకా గీకుతున్నారు. అమ్మ ఆ పసుపు ఎవరి కోసం రాసిందో నాకు ఈ రోజుకీ తెలియదు. అడగడం మానేశాను.

ఆ శుక్రవారం మేము బస్సులోనే తిరిగొచ్చాం. సీట్లు లేవు. తిరుమలగిరి వచ్చేదాకా డ్రైవరు ప్రతి మలుపులో ఊపేశాడు. నాయిన రెండు చేతులూ గాల్లో పెట్టుకుని నిలబడ్డాడు, అరచేతులు పసుపుతో పచ్చగా ఉన్నాయి. అమ్మ ఆయన చొక్కా వెనక నుంచి గుప్పిట బిగించి పట్టుకుంది.

“కడ్డీ పట్టుకో, పడిపోతావు” అని కేకలేసింది.

“పట్టుకుంటే పోతదే” అన్నాడు నాయిన.